టిఫిన్ డబ్బంత కంప్యూటర్

"ముప్పై వేలు దాటదు, రాసిస్త," అన్నాడు బాలేష్.

"నలభై పక్కా," అన్నాడు రాఘవేందర్.

ఇంకా మార్కెట్లోకే రాని ఆటల కంప్యూటర్ రేటు గురించి ఆ ఇద్దరు ఇంజనీరింగ్ పిల్లలు వచ్చినప్పటి నుంచీ వాదించుకుంటుంటే, మేడ్చల్‌లో పాత ఇనుప సామాను కొనే దుర్గాబాయికి ఒళ్ళు మండిపోతోంది. వాళ్ళు అమ్మడానికి తెచ్చిన కాలిపోయిన కంప్యూటర్ మీద, కొన్ననాడు పెట్టిన పసుపు కుంకుమ బొట్టు ఇంకా చెరిగిపోలేదు.

దాన్ని కాంటా మీద పడేసింది. "తొమ్మిది కిలోలు. కిలోకు ఎనిమిది. డెబ్బై రెండు రూపాలు."

"గదేందవ్వా! మా అమ్మ ఇరవై వేలు పెట్టి కొనిచ్చి రెండేండ్లు గూడ కాలే!" అన్నాడు బాలేష్.

"మీ అమ్మ పెట్టిన పైసలు నా కాంటకు తెల్వయి బిడ్డా. గా కొత్తది దీనికంటె పెద్దగుంటదా?"

"ఏం పెద్ద! టిఫిన్ డబ్బంతుంటది." బాలేష్ మొహం వెలిగిపోయింది. "రెండు కిలోలు గూడ ఉండదవ్వా."

దుర్గాబాయి కొంగుతో ఆ బొట్టు తుడిచేసి, కంప్యూటర్‌ను తుక్కు కుప్ప మీదికి విసిరేసింది.

"ఇందాకటి సంది రేటు రేటని సంపుతున్నరు గదా, నేన్ జెప్త ఇనుండ్రి. పదహారు రూపాలు."