ముక్కుపుడకంత సాలీడు

"ఆ పంపు దించండి పెద్దాయనా, మీకు దణ్ణం పెడతాను!"

సైకిలు గట్టున పడేసి పరిగెత్తుకొచ్చాడు లాల్ అహ్మద్. వీపున మందుపంపు కట్టుకుని పత్తిచేలోకి దిగబోతున్న వెంకయ్య ఆగాడు. వచ్చినవాణ్ణి ఎగాదిగా చూశాడు. ముప్పయ్యేళ్లుంటాయి. మాసిన చొక్కా, కిరసనాయిలు వాసన. తిండి తిని రెండు రోజులైనట్టుంది.

"ఎవరయ్యా నువ్వు?"

"లాల్ అహ్మదండీ. గుంటూరు మాది."

"వ్యవసాయం ఆఫీసు మనిషివా?"

"కాదండీ."

"మరేం చేస్తుంటావు?"

లాల్ అహ్మద్ విననట్టే పత్తిమొక్క ముందు గొంతుక్కూర్చున్నాడు. ఒక ఆకు మెల్లగా తిప్పి చిటికెన వేలు చాచాడు. ఆకు చాటు నుంచి ఏదో టక్కున దూకి వేలి మీద వాలింది.

సాలీడు. ఆవగింజ కన్నా కాస్త పెద్దది, అంతే.

"ఒక్కసారి దగ్గరికొచ్చి చూడండి."

వీపు నెమలిమెడ రంగు. నడుము మీద సన్నటి ఎర్రగీత. ఎనిమిది కాళ్లకూ తెల్లటి కడియాలు. ముందు రెండు కళ్లు నల్లగా, పెద్దగా మెరుస్తున్నాయి. అది తల తిప్పి వెంకయ్య ముఖంలోకి సూటిగా చూసింది.

నీళ్ల బిందె దించి వెంకయ్య భార్య పున్నమ్మ కూడా వంగింది. "ఓయమ్మో! ముక్కుపుడకలాగా ఉందే!"

లాల్ అహ్మద్ ముఖం వెలిగింది. మొదటిసారి చూసినప్పుడు అతనూ అలాగే అనుకున్నాడు. వినాయకచవితి వెళ్లాక ఇటు పనిమీద వచ్చి, ఓ చేనుగట్టున అన్నం తింటుంటే కనిపించింది. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆ రోజు పని మానేసి పొద్దుగూకేదాకా దాన్నే చూశాడు. గీత గీతా కంఠతా వచ్చేసింది. పిచ్చి అంటే పిచ్చే మరి. ఇంత అందాన్ని కాళ్ల దగ్గర పెట్టుకుని ఒక్కడూ చూడ్డే అని బాధేసింది. నలుగురికీ చూపించాలనిపించింది. చూపించాడు కూడా.

"ఇది మీ చేనుకి కాపలా అండీ," అన్నాడు. "తెల్లదోమని తింటుంది. నా కళ్లారా చూశాను. దీన్ని చంపుకుంటే మీకు పంట దక్కదు."

వెంకయ్య పకపకా నవ్వాడు. "ముప్పయ్యేళ్ల నుంచి సేద్యం చేస్తున్నా. నాకు పురుగుల పాఠం చెబుతావేంటయ్యా? కిందటి వారం కొట్టిన మందు ఎలా పనిచేసిందో చూడు!"

మొక్కల మొదళ్లలోకి చూపించాడు. ఎర్రగీతలు, నెమలి రంగులు, కాళ్లు ముడుచుకుని మట్టినిండా రాలి ఉన్నాయి. వందలు.

లాల్ అహ్మద్ చూడలేక తల పైకెత్తాడు. పైన ఆకులు జిగురు కారుతున్నాయి. కొన్ని మసి పట్టి నల్లబడ్డాయి. పున్నమ్మ కొంగు తగిలేసరికి తెల్లదోమ పొగలాగా లేచింది. ఎనభై ఏడులో ఆ చుట్టుపక్కల ఏ చేను చూసినా ఇదే తంతు.

"దోమ తగ్గలేదుగా మరి?" అంది పున్నమ్మ.

"ముందు అసలువి చావనీవే! ఆ తెల్లవి వాటంతటవే పోతాయి. ఈ చేను పోతే మనం అడుక్కు తినాల్సిందే, తెలుసా?"

తెలియకేం! పున్నమ్మ బిందె చంకనెత్తుకుంది.

లాల్ అహ్మద్‌కి ఇది ఆరో ఊరు. ఒక ఊళ్లో పిచ్చోడన్నారు. ఇంకో ఊళ్లో వేరే మందు కంపెనీ వాళ్లు పంపిన మనిషన్నారు. ఒక్క మాట ప్రతిచోటా గొంతులో అడ్డంపడుతోంది. అది తప్ప మిగతావన్నీ చెబుతున్నాడు.

"మీకెవరో తప్పు చెప్పారండీ," అన్నాడు ఏడుపు గొంతుతో. "నా మాట నమ్మండి."

"తప్పా? అయితే రా, చూపిస్తా!"

వెంకయ్య పంపు దించి, అతని చెయ్యి పట్టుకుని రోడ్డుదాకా లాక్కెళ్లాడు. బస్సులు ఆగే చోట పొగాకు కాల్చే పాత బ్యారన్ కొట్టం ఉంది. దాని గోడ నిండా పురుగుమందు ప్రకటన. మందు డబ్బా పక్కన దున్నపోతంత సాలీడు. నెమలిమెడ వీపు, ఎర్రగీత, తెల్ల కడియాలు. కళ్లలో వెలుగు చుక్కతో సహా ఉంది.

"నాకు చదువు రాదు, కళ్లున్నాయిగా! ఈ మందు కొడితే ఈ పురుగు చస్తుందని బొమ్మేసి మరీ చెప్పారు. ఈ బొమ్మ చూసేదాకా ఇలాంటిదొకటి మా చేలో ఉందని మాకే తెలీదు. వేసినోడెవడో గానీ మహానుభావుడు, వెంట్రుకతో సహా దింపాడు. ఇంత బాగా వేసినోడికి తెలియదా, ఏది చంపాలో?"

లాల్ అహ్మద్‌ చిటికెన వేలి మీద సాలీడు ఇంకా అలాగే ఉంది. తల తిప్పి గోడకేసి చూస్తోంది.

వెంకయ్య విసవిసా చేలోకి వెళ్లిపోయాడు. కాసేపటికి పంపు చప్పుడు మొదలైంది.

లాల్ అహ్మద్ గోడ దగ్గరికి జరిగి, బొమ్మ కింద మూలన ఎర్రరంగుతో తాను రాసుకున్న పేరు మీద అరచెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడిపోయాడు.