పీతయ్య చిల్లుల గుల్లలు

అన్ని మడుగుల్లాంటి ఒక మడుగులో తాబేలమ్మ ఉండేది. పన్నెండు వానాకాలాలుగా ఆవిడకు ఒకటే పని. రాళ్ల మీది పాచి నాకడం, ఏ పాచి నీళ్లనేం చేస్తుందో గుర్తుపెట్టుకోవడం. కప్పలు పడీపడీ నవ్వేవి. చివరికి కుళ్లునీళ్లను తేటపరిచే పాచి ఒకటి దొరికింది. దాన్నిండా కంటికి ఆననంత చిన్న ప్రాణులే.

పక్క మడుగు కుళ్లి, చేపలు ఊపిరాడక నోళ్లు తెరుచుకుని పైకి తేలుతున్నాయని విని పీతయ్య అడ్డంగా పరిగెత్తుకొచ్చాడు.

"అమ్మా, కనిపెట్టడం నీది, అమ్మడం నాది!"

నత్తగుల్లల్లో పాచి కూరి, చుక్క కారకుండా బంకమట్టితో మూతులు బిగించి పంపాడు. రెండ్రోజులకు చేపలు విప్పి చూస్తే కంపే కంపు. పీతయ్యను తిట్టిపోశాయి.

"పాచిలోని ఆ చిన్న ప్రాణులకీ ఊపిరి కావాలి నాయనా," అంది తాబేలమ్మ.

పీతయ్య గుల్లలకు తన గోళ్లతో సన్నని చిల్లులు పెట్టి మళ్లీ పంపాడు. వారం తిరక్కుండా ఆ మడుగు అద్దమైంది. పాచి కూడా బాగా పెరగడంతో చేపలు అవతలి మడుగుకి చిటికెడు పంచాయి.

పీతయ్య లబోదిబోమన్నాడు. పీత కష్టాలు పీతవి మరి. "ఇక నా దగ్గర కొనేదెవరమ్మా?"

"పెరుగుకి తోడు అడిగితే ఎవరైనా లేదంటారట్రా?" అంది నీళ్లలో పడుకున్న గేదె.

పీతయ్య కాసేపు బుడగలు వదిలాడు. "సరే, తోడు ఊరికే. పట్టుకెళ్లే చిల్లుల గుల్లకు మాత్రం వెల!"

మర్నాడు పీతయ్య బొరియ ముందు ఎనిమిది మడుగులవాళ్లు బారులు తీరారు. తాబేలమ్మ ముందు కప్పలు బారులు తీరాయి, తలా ఒక రాయి మోసుకుని.

"ఇది కూడా కాస్త నాకి చూడమ్మా!"