ఊదని మంగళం

పెళ్లిళ్లలో సన్నాయి అడిగేవాళ్లు లేకపోయాక కోటిలింగం తుని వదిలి, భీమిలి బీచ్‌లో ఓ రిసార్టులో చేరాడు. అక్కడికొచ్చే అతిథులందరి చెవుల్లోనూ పాటలు వినిపించే పూసలుంటాయి. ఆయన ఏం ఊదినా, ఎవరికి నచ్చిన పాట వాళ్లకు వినబడుతుంది.

“ఊదుతున్నట్టు కనబడితే చాలండి,” అన్నాడు మేనేజరు మొదటిరోజే.

అయినా ఆయన నిజంగానే ఊదేవాడు. ఓ సాయంత్రం కల్యాణి రాగం మధ్యలో ఉండబట్టలేక సన్నాయి దించేశాడు. జనం తలలూపుతూనే ఉన్నారు. ఎన్నడూ లేనిది, కచేరీ చివర ఊదాల్సిన మంగళం కూడా ఊదకుండా లేచిపోయాడు.

మర్నాడు పొద్దున్నే గదులు తుడిచే నూకాలు ఎదురొచ్చింది. ఆమె చెవుల్లో ఆ పూసల్లేవు, కమ్మల చోట వేపపుల్లలే ఉన్నాయి.

“నిన్న మంగళం ఊదకుండా ఎల్లిపోనావేటి బాబూ? అదవకుండా లెగకూడదు కదా. సీకటి పడీదాకా వంటింటెనకాల కూకునే ఉన్నాను.”