నల్ల సిరా కింద

ఉద్యోగ దరఖాస్తుల్లో పేర్లు కనబడకుండా నల్ల సిరా పూయడం నా పని. "మనకు పనితనమే ముఖ్యం," అని మేనేజరుగారు మీటింగులో చప్పట్లు కొట్టించుకున్నారు.

తన గదిలో మాత్రం ఒక్కో కాగితాన్నీ కిటికీ వెలుగుకు ఎత్తిపట్టి, సిరా కింద ఇంటిపేరు చదువుతారు.

"ఇంకాస్త దట్టంగా పూయమంటారా సార్?" అన్నాను.

"ఎందుకమ్మా, సిరా దండగ."

ఏడో కాగితం దగ్గర ఆయన ముఖం విప్పారింది. "చూశావా, పేరు చూడకుండా ఎంచితే ఎంత మంచివాళ్ళు దొరుకుతారో. ఏడో నంబరుకే ఇద్దాం," అని సంతకం పెట్టారు.

ఆ ఏడో నంబరు అమ్మాయిని ఇంతకుముందు ఇంటిపేరు చూసి రెండుసార్లు తిప్పి పంపింది ఈయనే. ఈసారి సిరా పూసేముందు ఆమె ఇంటిపేరు చెరిపి, ఈయన ఇంటిపేరు రాశాను.

నియామకపు ఉత్తరంలో ఆమె అసలు పేరే టైపు చేశాను. పేరు చూడని పెద్దమనిషి ఇప్పుడు ఏమని కాదంటాడు?