చెవిలో గింజ

ఆ పరాయి దేశపు జోంబా పట్టణంలో నీళ్ళ బోర్డు వాళ్ళని ఏమడిగినా జవాబు తడుముకోకుండా వచ్చేస్తుంటే హైమవతికి అనుమానం ముదిరింది. విదేశీ గ్రాంటుతో వీళ్ళకి శిక్షణ ఇప్పించింది తనే. ఇక సొంతంగా నడుపుకోగలరని సంతకం పెట్టాల్సిందీ తనే. కానీ మాట్లాడుతున్నది మనుషులా, అందరి చెవుల్లోనూ కూర్చుని మాటలందించే ఆ యంత్రపు గింజలా?

బల్ల మీది వేరుశనగల పళ్ళెం ఖాళీ చేసి ముందుకు తోసింది. "చెవుల్లో గింజలు తీసి ఇందులో వెయ్యండి. అప్పుడు అడుగుతాను."

ఎవరూ కదల్లేదు. దొరికారనుకుంది.

ఇంజనీరు థొకొజాని మాత్రం నెమ్మదిగా అంది. "మా ఇళ్ళల్లో అతిథికి పానీయం ఇస్తే, ఇచ్చినవాళ్ళే ముందు ఓ గుక్క తాగి చూపిస్తారు మేడమ్. ముందు మీది వెయ్యండి. అడిగేది మీరేనని మాకూ నమ్మకం కుదరాలిగా."

తనకీ ఒకటుందన్న సంగతే హైమవతి మర్చిపోయింది. నవ్వేసి చెవి దగ్గరికి చెయ్యి పోనిచ్చింది. గోరు తగలగానే లోపలి గొంతు అచ్చం కాకినాడ యాసలో బతిమాలింది.

"వద్దండీ. నన్ను తీసేస్తే వాళ్ళనేం అడుగుతారండి మీరు?"