తెర అవతలి ఆవిడ

అలా కాదమ్మా మనవరాలా, ముందు ఆ చప్పుడు దగ్గర్నుంచి రాయి.

కాన్పు గదిలో కోడలి పొట్టకు బెల్టు కట్టారు. పక్కనున్న మిషన్లోంచి బిడ్డ గుండె టకటకా వినిపిస్తోంది. తొలిచూలు. ఆ చప్పుడు వింటూ అత్తగారు ఈ లోకంలో లేదు.

కోడలు పక్కకు ఒత్తిగిలబోయింది.

"కదలకే తల్లీ. బెల్టు జారితే చప్పుడు పోతుంది. వెల్లకిలానే ఉండు."

"నడుం పగిలిపోతోంది అత్తయ్యా."

"మీ ఆయన్ని నేను నవ్వుతూ కన్నాననుకున్నావా?"

కోడలు నొప్పుల్లోనూ నవ్వింది. కదలకుండా ఉండిపోయింది.

తెర అవతలి మంచం మీద కూడా ఎవరో నొప్పులు పడుతున్నారు. ఆవిడ మూలుగైనా వినిపించడం లేదు.

కాసేపటికి అవతల్నుంచి గొంతు వినిపించింది. "అమ్మా, ఆ అమ్మాయిని పక్కకు తిప్పండి. చప్పుడు నెమ్మదిస్తోంది."

అత్తగారికి ఒళ్లు మండింది. "మా బిడ్డ గుండె మీద నీ చెవెందుకు? నీ బిడ్డది నువ్వు విను."

అవతలి మంచం కిర్రుమంది.

చప్పుడు ఇంకా నెమ్మదించింది. మళ్లీ అదే గొంతు, ఈసారి రొప్పుతూ.

"మీ కాళ్లు పట్టుకుంటాను. ఎడమ పక్కకు తిప్పండి."

"దిష్టి కళ్లు ఎరుగుదుం గానీ, దిష్టి చెవులు ఇప్పుడే చూస్తున్నాం," అంది అత్తగారు.

అవతలి ఆవిడ ఇక ఆగలేదు. గొంతు చించుకుని నర్సును పిలిచింది.

నర్సు పరుగున వచ్చి మిషన్ చూసింది. గబుక్కున కోడల్ని ఎడమ పక్కకు తిప్పింది.

"వెల్లకిలా ఎవరు పడుకోమన్నారు? పొట్ట బరువు నరాల మీద పడితే బిడ్డకు రక్తం అందుతుందా?"

బెల్టు జారింది. చప్పుడు ఆగింది.

నర్సు బెల్టు సర్దుతూ వెతుకుతోంది. అత్తగారు మిషన్ మీదికి వంగింది.

టక్. టక్. తర్వాత టకటకా.

పొద్దు వాలకముందే మగబిడ్డ కేరుమన్నాడు.

అత్తగారు వాణ్ని గుడ్డలో చుట్టుకుని తెర దగ్గరికి నడిచింది. "ఏమీ అనుకోకమ్మా. ఒక్కసారి వీణ్ని చూడు," అంటూ తెర తొలగించింది.

మంచం ఖాళీగా ఉంది. దుప్పటి మార్చేశారు.

"ఈవిడేది? ఏం పుట్టింది?"

నర్సు తల తిప్పుకుంది. "వేరే గదికి మార్చాం. ఎవర్నీ రానివ్వద్దంది. ఆవిడ కడుపులో బిడ్డ గుండె నిన్ననే ఆగిపోయిందమ్మా. పొద్దున్నే వేరే గది ఇస్తామంటే వద్దంది. మీ బిడ్డ చప్పుడు వింటూ కంటానంది."

అత్తగారు వంగి వాడి గుండెకు చెవి ఆనించింది.

ఆ కోడల్ని నేనే. ఇది మీ నాన్న రాగానే చదివి వినిపించమ్మా. ఆవిడ విన్నది వాడి గుండే.