మూడున్నర వేల కన్వర్టరు

“మూడున్నర వేలు. ఒక్కటి తగ్గినా నాకొద్దు!” అంటూ గార్త్ కౌంటరు మీద అరచేత్తో చరిచాడు.

ఆర్లో కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. నెబ్రాస్కా పడమటి కొసన ఉన్న ఆ ఊళ్ళో గేరుబాక్సులు బాగుచేసే దుకాణం అతనిదొక్కటే. బల్ల మీద, ఇంజను బలాన్ని గేరుబాక్సుకు అందించే టార్క్ కన్వర్టర్లు రెండున్నాయి. రెండూ ఒకే కొలత, ఒకే నల్ల రంగు, గుమ్మడికాయలంత ఉక్కు గుల్లలు. పైన అంటించిన చీటీల మీద అంకెలే వేరు.

“కారులో క్లచ్చు పీకేసి ఆటోమేటిక్ గేర్లు పెట్టుకుంటున్నావు, మంచిదే. కానీ చెప్పేది విను గార్త్. ఇంజను నిమిషానికి మూడున్నర వేల చుట్లు తిరిగితే గానీ ఇది పట్టు పట్టదు. పందెంలో గీత దగ్గర దూకడానికి బాగానే ఉంటుంది. రోడ్డెక్కావంటే మాత్రం లోపల జారుతూనే ఉంటుంది. ముప్ఫై మైళ్ళు పోకముందే నూనె కాగి గేరుబాక్సు మాడిపోతుంది. ఈ రెండో దాన్ని తీసుకో. రెండు వేల రెండొందలది.”

“రోడ్డెవడికి కావాలి పెద్దాయనా? నా కారు ట్రైలరెక్కి ట్రాకుకు పోతుంది, ట్రైలరెక్కి ఇంటికొస్తుంది. మహారాణిలాగా!”

అతని పక్కన నిలబడి ఉన్న భార్య ట్వైలా నవ్వలేదు. ఆమె ఎడమ మోకాలికి బెత్తెడు వెడల్పు పట్టీ ఉంది. చేతిలో ఊతకర్ర. గార్త్ అరచెయ్యి ఆమె మెడ వెనక ఆనించి ఉంది.

“మోకాలెలా ఉందమ్మా?” అన్నాడు ఆర్లో.

“ఏముంది, అలాగే ఉంది,” జవాబు గార్త్ చెప్పాడు. “మెట్ల మీద చూసుకోకుండా దిగితే అంతే మరి. ఇంట్లో రెండు బళ్ళూ క్లచ్చువేనాయె, ఆ కాలితో దాన్ని తొక్కలేదు. నాలుగు నెలలుగా ఎక్కడికెళ్ళాలన్నా నేనే డ్రైవర్ని. ఏమే, అంతేనా?”

“అంతే,” అంది ట్వైలా.

అప్పుడే వెనక షెడ్డులో ఎవరిదో ఇంజను గర్జించింది. గార్త్ చెవులు నిక్కబొడుచుకున్నాయి. “ఎవడిదది? అబ్బ, ఏం కూత కూస్తోంది! చూసొస్తా. నువ్విక్కడి నుంచి కదలకు,” అని ఆమె మెడ వదిలి వెనక తలుపు తోసుకుని పోయాడు.

తలుపు పడీ పడకముందే ట్వైలా కర్రను బల్లకు ఆనించింది.

“ఆర్లో గారూ, ఆ చీటీలు ఊడొస్తాయా?”

“ఏ చీటీలు?”

“వీటి మీదవి. దీనిది దానికి, దానిది దీనికి వెయ్యండి.”

ఆర్లోకి ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక తల అడ్డంగా ఊపాడు. ఇన్నేళ్ళలో ఒకటని చెప్పి ఇంకొకటి అంటగట్టిన పాపాన పోలేదతను. పైగా గార్త్ సంగతి ఊరందరికీ తెలుసు. పోయినేడు అతని చేతిలో టైర్లవాడి దవడ వాచింది.

“నా వల్ల కాదమ్మా. బిగించాక ఒక్కసారి బ్రేకు తొక్కి పట్టి యాక్సిలరేటరు నొక్కాడంటే వాడికి తెలిసిపోతుంది.”

“మా వాకిలంతా కంకరే. అక్కడ చక్రాలు ఊరికే తిరుగుతాయి. మీరు చెప్పే పట్టు ట్రాకు మీదే గదా తెలిసేది? రేపు గురువారం, రేపే బిగిస్తాడు. ట్రాకుకు వెళ్ళేది ఆదివారం.”

ఈమెకు ఇవన్నీ ఎప్పుడు తెలిశాయా అని ఆర్లో ఆశ్చర్యపోయాడు. ఎప్పుడు చూసినా మొగుడి పక్కన నోరు విప్పకుండా నిలబడే మనిషి.

“వేగమంటే భయమా? కారు మెల్లిగా పోతే వాడు నాలుగు కాలాలు బతుకుతాడనా?”

“అలాగే అనుకోండి.” ఆమె వెనక తలుపు వైపు చూసింది. “మీరు ఏమైనా అనుకోండి. మార్చండి, చాలు. మీ కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటా.”

షెడ్డులో ఇంజను ఆగింది. ఆ నిశ్శబ్దంలో గార్త్ నవ్వు, దగ్గరకొస్తున్న అడుగుల చప్పుడు వినిపించాయి. ఆర్లో గోటితో ఒక చీటీ లేపాడు. అంచు చిరిగింది. రెండోది లేపాడు. తలుపు కిర్రుమనేసరికి రెండు వేల రెండొందల కన్వర్టరు మీద మూడున్నర వేల చీటీ ఉంది. దాని మీద ఆర్లో బొటనవేలు ఉంది.

“ఏంటి, ఇద్దరూ బొమ్మల్లా నిలబడ్డారు?”

“నిన్ను ఒప్పించమని మీ ఆవిడతో చెబుతున్నా,” అన్నాడు ఆర్లో.

“దానికేం తెలుసు, మొద్దు!” గార్త్ చీటీ మీది అంకె బిగ్గరగా చదివి, కన్వర్టరును రెండు చేతులా ఎత్తి పసిపిల్లను ఎత్తుకున్నట్టు గుండెకు ఆనించుకున్నాడు. “బండిలో పెడతా. నువ్వు మెల్లిగా కుంటుకుంటూ రా.”

అతను బయటికి నడిచాడు. ట్వైలా కర్ర అందుకుంది. ఆర్లో ఉండబట్టలేక కౌంటరు మీదుగా వంగాడు.

“ఆదివారం ట్రాకు మీద బయటపడుతుందమ్మా! నా సంగతి సరే, ముందు నిన్ను చంపుతాడు.”

ట్వైలా గుమ్మంలో ఆగి, బయట మొగుడు జాగ్రత్తగా తాళ్ళతో బిగిస్తున్న కన్వర్టరు వైపు చూసింది.

“ఆదివారానికి ఆ కారు ఇక్కడ ఉండదు, ఆర్లో గారూ. నేనూ ఉండను.”